సెంటావిడ ముప్పావు గంట

మనసు జబ్బుల క్లినిక్‌లో ఊడ్చి తుడిచే ఆయాకు సెంటావిడ అంటే ఒళ్ళుమంట. తాను కారు దిగకముందే సెంటు వాసనను లోపలికి పంపే ఆ మహాతల్లి వారం వారం వచ్చి, తలుపు వేసుకుని, డాక్టరమ్మ ముందు ముప్పావు గంట ఏడ్చి పోతుంది. తడిసిన కాగితపు రుమాళ్ళు ఎత్తిపోసేది ఆయా. "ఏడవడానికి కూడా పెట్టి పుట్టాలి!" అని చెత్తబుట్టతో అనేది.

ఆ కడుపుమంట ఊరికే పుట్టలేదు. తన బిడ్డ జ్వరంతో పోయిన నాటినుంచి ఏడాదిన్నరగా ఆయా చెల్లెలు నోరు విప్పలేదు. ప్రతి మంగళవారం ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంది. తెల్లారి వరసలో నిలబడితే మధ్యాహ్నానికి నంబరు పిలుస్తారు. లోపల ఉండేది ఈ డాక్టరమ్మే! పగలు అక్కడ, సాయంత్రం ఇక్కడ. అక్కడ మాత్రం తలెత్తదు. "నిద్ర పడుతోందా? పాత మందులే వాడండి." అంతే, ఇంకో నంబరు. గుమ్మం బయట నూటయాభై మంది ఉంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఆ సంగతి తెలిసినా ఆయాకు కోపం తగ్గదు.

ఒక సాయంత్రం సెంటావిడ రావడం లేదని కబురు చేసింది. ఆయా చీపురు పారేసి డాక్టరమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, ఆవిడ టైము ఖాళీయే కదా. మా చెల్లిని కూర్చోబెట్టనా? ఇల్లు రెండు సందుల అవతలే."

డాక్టరమ్మ "తీసుకురా" అంది.

చెల్లెలు లోపలికి వెళ్ళాక తలుపు మూసుకుంది. ఆయా బయట తుడిచిన చోటే తుడుస్తూ చెవులు రిక్కించింది. చాలాసేపటికి చెల్లెలి గొంతు వినిపించింది. సంతోషంతో తుడవడం మరిచిపోయింది. ఆ వెంటనే కుళ్ళు పుట్టుకొచ్చింది. ఏడాదిన్నర తల దువ్వి, ముద్ద కలిపి పెట్టింది తానైతే, మాటలు మాత్రం డాక్టరమ్మకా!

దారిలో చెల్లెలు, "ఇంకా చాలా ఉందక్కా" అంది.

"నాతో చెప్పవే."

"ఆవిడతోనే చెప్తాలే. మంగళవారం రమ్మంది."

మంగళవారం చెల్లెలే ముందు లేచి తయారైంది. ఆసుపత్రి గదిలో అందరూ నిలబడే మాట్లాడతారు. చెల్లెలు మాత్రం స్టూలు లాక్కుని, కొంగు సర్దుకుని, సావకాశంగా కూర్చుంది. ఆపిన చోటినుంచే అందుకుంది.

"ఆ తర్వాత నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి..."

డాక్టరమ్మ తలెత్తి గుర్తుపట్టింది. ఆవిడ కలం ఆగింది. ఈలోగా వెనకాల నంబరువాళ్ళు లోపలికి తోసుకొచ్చారు. "కాస్త లేమ్మా, మా నాన్న నిలబడలేడు."

"మళ్ళీ వారం చెప్దువుగాని" అంది డాక్టరమ్మ, చూపు తిప్పుకుని.

చెల్లెలు లేచింది. బయట ఆయా ఆమె చేతులు పట్టుకుంది. "గుడ్డలో చుట్టి? తర్వాత ఏమైందే? నేను వింటాను, చెప్పవే!"

చెల్లెలు చేతులు విడిపించుకుని, వెళ్ళి మందుల వరసలో నిలబడింది.