దారం పట్టిన నోట్లో పాట

అమ్మకు పళ్ళు పోయాక మా ఇంట్లో పాట కూడా పోయింది. ఈ మాటంటే మా ఆయన నవ్వుతాడు గానీ, అక్షరాలా నిజం.

మాది బెంగాలీ ఇల్లు. పెళ్ళయిన కొత్తలోనే నాయన బంగారు పని వెతుక్కుంటూ అమ్మను వెంటబెట్టుకుని హిందూపురం వచ్చాడు, ఇక కదల్లేదు. ఆయన నగలు చేస్తే అమ్మ నల్లపూసలు గుచ్చేది. దారానికి మైనం రాసి, ఒక కొస పళ్ళ మధ్య బిగబట్టి, రెండో కొస నుంచి పూసలు ఎక్కించేది. దారం వదులైతే వరస చెడుతుందని, పని అయ్యేదాకా నోరు తెరిచేది కాదు. పిలిస్తే కళ్ళతో జవాబు, కోపమొస్తే కనుబొమలతో తిట్లు. పాటైనా అంతే, మూసిన నోటితో ముక్కులోంచి రావాల్సిందే. ఎప్పుడూ ఒకటే పాట.

దానికి మాటలే లేవనుకున్నాను నేను. బళ్ళో టీచరమ్మ "మీ బెంగాలీ పాట ఒకటి పాడు" అంటే, దర్జాగా నిలబడి, పెదవులు బిగించి, మొదట్నుంచి చివరిదాకా "ఊఁ ఊఁ" అని లాగించాను.

"మాటలు యాడపోయినాయే? మింగేసినావా?" అని క్లాసంతా ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి అమ్మ మీద ఇంతెత్తున లేచాను. ఆమె నోట్లో దారం ఉంది. కనుబొమలు ఎగరేసి తన పని తాను చేసుకుంది. ఉక్రోషంతో నేను మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

పెళ్ళయి ధర్మవరంలో పట్టుచీరల దుకాణం వాళ్ళ కోడలినయ్యాను. ఇప్పుడు నాకు కోపమొస్తే తెలుగే వస్తుంది, బెంగాలీ చాలదు. దుకాణంలో చీరలు మడతపెట్టేటప్పుడు ఒక సినిమా గాయని పాటలు తప్ప వేరేవి పెట్టనివ్వను. తెలుగులో అంత కమ్మగా పాడే మనిషి తెలుగామె కాక ఇంకెవరులే అనుకునేదాన్ని.

ఈమధ్య అమ్మకు మిగిలిన పళ్ళన్నీ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టారు. వాటి మధ్య దారం నిలవదు, జారిపోతుంది. పూసల డబ్బా అటకెక్కింది. హిందూపురంలో మా తమ్ముడింట్లో ఆమెకు లోటేమీ లేదు. కడుపునిండా తింటుంది, సీరియల్ చూస్తుంది, మనవళ్ళను కసురుతుంది. ఆ ముక్కు పాట మాత్రం లేదు. పాడమ్మా అని బతిమాలితే, "దారం లేకుండా పాటేంది?" అంటుంది. నాకు ప్రాణం ఉసూరుమనేది. దాన్ని ఇంకొక్కసారి వింటే చాలనిపించేది.

మొన్న అమ్మను చూడ్డానికి నేనూ మా ఆయనా హిందూపురం బస్సెక్కాం. ఆయన కిటికీకి తల ఆనించి గురక మొదలుపెట్టాడు. నేను చెవుల్లో ఆవిడ పాటలు పెట్టుకున్నాను. పెనుకొండ దగ్గరికొచ్చేసరికి తెలుగు పాట అయిపోయి, ఫోను తనంతట తానే ఇంకోటి అందుకుంది. గొంతు ఆవిడదే, కాకపోతే ఇంకా లేతగా ఉంది. భాష మాది! చూస్తే, ఆవిడ తెలుగుకు రాకముందు, పడుచుతనంలో పాడిన బెంగాలీ పాటలు వరసగా ఉన్నాయి. ఓసినీ, నువ్వు మా మనిషివా అనుకున్నాను. సంతోషం పట్టలేక మా ఆయన్ను మోచేత్తో ఒక్క పోటు పొడిచాను. ఆయన లేవలేదు.

ఆ వరసలోనే వచ్చింది, అమ్మ ముక్కు పాట. మాటలతో సహా! పడవ ఇంకా రేవుకు రాలేదని, వండిన అన్నం చల్లారిపోతోందని మొగుడి మీద విసుక్కునే పాట. ఇంతేనా, ఇంత మామూలు మాటలా అని నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాను.

కండక్టరు వంగి చూశాడు. "ఏమ్మా, యాడన్నా నొప్పిగా ఉండాదా? బస్సు ఆపల్లా?"

"నొప్పీ లేదు గిప్పీ లేదు. పాట వింటాండా, పోప్పా."

మేం వెళ్ళేసరికి అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పలకరింపులు కూడా లేకుండా ఫోను ఆమె ఒళ్ళో పెట్టి పాట పెట్టాను. మొదటి మాటకే చేతులు ఆగిపోయాయి. కదలకుండా చివరిదాకా విని, మొహం చిట్లించింది. అల్లుడి ముందు మేం తెలుగే మాట్లాడుకుంటాం.

"చివరి చరణం ఎగ్గొట్టినారే!" అంది కోపంగా.

"అది యాడుండాదమ్మా మరి?"

"యాడుంటాది? నా దగ్గరుండాది."

నోరు తెరిచి పాడింది. గొంతు వణికింది, మధ్యమధ్య కట్టుడు పళ్ళు టకటకలాడాయి. పడవ వచ్చేసిందట, చల్లారిన అన్నం మళ్ళీ పొయ్యెక్కిందట. మా ఆయన ఒక చెప్పు విడిచి, రెండోది విడవడం మరిచి అలాగే నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు ఒక్క మాటన్నా పలకలేదేమమ్మా?" అన్నాను.

"అప్పుడు నోట్లో దారముండె గదే. ఇప్పుడు నోరు ఊరికే ఉండాది" అని, చిక్కుడుకాయల చేట పక్కకు నెట్టి, అమ్మ మళ్ళీ మొదట్నుంచి అందుకుంది.