గంట బోల్టు

నాన్న గంట తాడు పట్టుకుని, "పక్కకి జరుగమ్మా," అన్నాడు. నేను జరగలేదు. గంట కిందే, ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

బాపట్ల దగ్గర మా ఊరి చర్చిలో గంట కొట్టేది నాన్నే. నేను తెనాలిలో లోహాల్ని పరీక్షించే పని చేస్తాను. గంట ఊగినప్పుడల్లా పైన కిర్రుమంటోందని నాన్న ఫోన్లో చెబితే, ఆదివారం పగుళ్లు చూసే మిషన్ తెచ్చుకుని నిచ్చెనెక్కాను. గంటను దూలానికి బిగించిన బోల్టు తలకి గ్రీజు రాసి, మిషన్ తీగ చివరుండే ప్రోబ్ ఆనించాను. చెవికి వినపడని శబ్దం ఇనుములోకి వెళ్లి, అడుగున తగిలి తిరిగొస్తే తెర మీద ఒక గీత లేస్తుంది. మధ్యలో పగులుంటే అంతకంటే ముందే ఇంకో గీత లేస్తుంది. లేచింది. తుడిచి మళ్లీ పెట్టినా అక్కడే లేచింది. ఇన్నేళ్లూ ఆ బరువు కింద నిలబడింది మా నాన్న.

కిందికి దిగేసరికి మాస్టారు పోయారన్న కబురొచ్చింది. నా చేత అక్షరాలు దిద్దించిన మనిషి. సాయంత్రమే సమాధి. మా ఊళ్లో ఎవరు పోయినా, పెట్టె చర్చి గేటు దాటేటప్పుడు గంట మోగాలి. మోగకపోతే దిక్కులేనివాణ్ణి సాగనంపినట్టే. బోల్టు మార్చే వ్యవధి లేదు.

"చూడ్డానికి నిక్షేపంగా ఉంది కదే," అన్నాడు నాన్న. "మాస్టార్ని గంట లేకుండా పంపమంటావేంటి?"

"అయితే నా నెత్తిన పడేలా కొట్టు!" అని అరిచాను. కోపమొస్తే నా నోరు ఆగదు. ఆ రోజు మాత్రం అది భయం. పగులు లేకపోయినా, బోల్టు మీది మరచుట్ల వల్ల కూడా ఒక్కోసారి అలాంటి గీతే లేస్తుంది. నాదే పొరపాటైతే? పెట్టె గేటు దగ్గరికొచ్చింది. అందరూ మా వైపే చూస్తున్నారు. నాన్న తాడు వదిలేశాడు.

మాస్టారు గంట లేకుండానే వెళ్లారు. ఆయన భార్య నా వైపు తల తిప్పలేదు.

మర్నాడు గంటకి ఆసరా పెట్టి, స్పానర్ వేసి తిప్పగానే బోల్టు రెండు ముక్కలైంది. విరిగిన చోట సగానికి పైగా పాత తుప్పే. నాన్న ఆ ముక్కల్ని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లి, మాస్టారి భార్య ముందు పెట్టాడు. ఆవిడ వాటిని చేతిలోకి తీసుకుని చూసి, "బాగుచేశాక ఆయనకి కొట్టండి. నేనొచ్చి వింటాను," అన్నారు.

రేపల్లెలో లేత్ మీద కొత్త బోల్టు చేయించి, నేనే పరీక్షించి బిగింపజేశాను. ఆవిడ వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. నాన్న తాడు పట్టుకున్నాడు. నేను వెళ్లి మళ్లీ ఆ చోటే నిలబడ్డాను. ఈసారి నాన్న నన్ను జరగమనలేదు.