జడ్జిగారి బొటనవేలు

మా బావమరిదికి అభిప్రాయం లేని వస్తువంటూ లోకంలో లేదు. ముఖ్యంగా వైరూ, తెరా, బొత్తామూ ఉన్న వస్తువు కనిపిస్తే చాలు, దాని జాతకం విప్పేసేవాడు. ఫలానా గేమ్ కన్సోల్‌లో ఫ్యాను మోతకు చెవులు చిల్లులు పడతాయి. ఫలానా ప్రాసెసర్ కొన్నవాడికి చలికాలంలో వేరే హీటర్ అక్కర్లేదు. ఫలానా గ్రాఫిక్స్ కార్డు కొనడమంటే ఇంట్లో ఏనుగును మేపడమే. వీడియో గేముల గురించి మాట్లాడుకునే ఒక ఇంటర్నెట్ బృందంలో అతనికి 'జడ్జిగారు' అని పేరు పడింది. అక్కడ ఎవరేం కొనాలన్నా ముందు జడ్జిగారి తీర్పు రావాల్సిందే. అతను పడుకుని చెబుతుంటే మా ఆవిడ, అంటే వాళ్ళక్క, పక్కన కూర్చుని టైపు చేసేది. మరీ ఘాటుగా ఉన్న మాటలు తనే మార్చేసేది. 'బుర్ర లేని వెధవ' అని అతనంటే 'కాస్త ఆలోచించాల్సింది' అని రాసేది. అది కనిపెట్టినప్పుడల్లా అక్కాతమ్ముళ్ళకు యుద్ధమే.

ఆ తీర్పులిచ్చే మనిషి తనంతట తాను మంచం దిగి ఏళ్ళయిందని ఆ బృందంలో ఒక్కరికీ తెలియదు.

కండరాలు కరిగిపోయే జబ్బు అది. బడికి వెళ్ళే వయసులో కాళ్ళతో మొదలైంది. తర్వాత నడుము, భుజాలు, మోచేతులు ఒక్కొక్కటే మాట వినడం మానేశాయి. నా పెళ్ళినాటికి చక్రాల కుర్చీలో ఉన్నాడు. అత్తగారూ మామగారూ పోయాక మా ఇంటికి వచ్చేసరికి చెప్పినట్టు వినేవి రెండే మిగిలాయి: మెడ, కుడిచేతి బొటనవేలు. ఆ వేలు కూడా ఒకరోజు ఆగిపోతుందని డాక్టరు మా ముగ్గురి ముందే చెప్పాడు. ఎప్పుడన్నది చెప్పలేనన్నాడు. మా వాడు ఆ డాక్టరు బల్లమీదున్న కంప్యూటర్ కేసి చూసి, "మీ సిస్టమ్ చాలా స్లో అండీ, ముందు దానికి వైద్యం చేయించండి" అన్నాడు. డాక్టరు నవ్వాడు. మా ఆవిడ దారి పొడుగునా ఏడ్చింది.

ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం నాది. నాకూ అభిప్రాయాలున్నాయి, అవి అతనివాటికి పూర్తిగా ఎదురు. లోపల ఏముందో దాచుకోకుండా, ఎవరైనా చూసి మార్చుకోండంటూ నలుగురూ రాసి ఊరికే పంచిపెట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే నాకు ప్రాణం. టీవీకి తగిలించి గేములు మాత్రమే ఆడే కన్సోల్ అంటే ఒళ్ళు మంట. అన్నం పళ్ళాల ముందు రోజూ ఇదే రామాయణం.

"పెట్టె తెచ్చామా, తగిలించామా, ఆడామా. అంతే బావా. నీ కంప్యూటర్‌లాగా ఆడే ముందు గంటసేపు దానికి సేవలు చెయ్యక్కర్లేదు."

"ఆ పెట్టె నీదనుకుంటున్నావా? కంపెనీదిరా. ఏదో దయతలిచి నీ గదిలో ఉండనిస్తున్నారు."

"సరే, నాకు కంపెనీ ఉంది. నీ ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ పాడైతే ఎవడి గల్లా పట్టుకుంటావు?"

"ఇద్దరి గల్లాలూ నేను పట్టుకుంటాను. ముందు నోరు మూసుకుని తినండి," అనేది మా ఆవిడ, తమ్ముడి నోటికి ముద్ద అందిస్తూ. నోరు మూసుకుని ఎలా తినాలో చెప్పమని అతను అడిగేవాడు.

ఇంత వాదించినవాడు ఆ కన్సోల్ మీద ఆడింది మాత్రం నా ఓపెన్ సోర్స్ పుణ్యాన్నే. రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్ అతనికి ఎలాగూ కుదరదు. అందుకని గడ్డం కింద ఒక చిన్న పుల్ల, బొటనవేలి కింద ఒక బొత్తాం అమర్చి, రెంటినీ అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డుకు కలిపాను. గడ్డంతో అటూ ఇటూ తిప్పితే కారు మలుపు తిరుగుతుంది. వేలు నొక్కితే వేగం, వదిలితే బ్రేకు. ఆ బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్ రాసింది ఏ దేశంలోనో ఉన్న ఒక మనిషి. 'పిచ్చుక' అన్న మారుపేరు తప్ప ఆడో మగో కూడా మాకు తెలియదు. ఆ పిచ్చుక ఇలాంటి వాళ్ళ కోసమే దాన్ని రాసి అందరికీ వదిలేసింది.

రోజూ సాయంత్రం ఆ బృందమంతా ఒకే కార్ల పందెం ఆడేవారు. ఆ గేమ్ ఆ కంపెనీ కన్సోల్ మీద తప్ప ఎక్కడా రాదు. మా వాడు గెలిచిన రోజులూ ఉన్నాయి, రోడ్డు పక్క గోడకు గుద్దుకుని అందరి చేతా వెక్కిరింతలు తిన్న రోజులూ ఉన్నాయి. అతనికి రెండూ ఇష్టమే. నన్నడిగితే వెక్కిరింతలే ఎక్కువ ఇష్టం. జబ్బు మనిషిని ఎవరూ వెక్కిరించరు. వాళ్ళు వెక్కిరిస్తున్నారంటే వాళ్ళ లెక్కలో అతను మామూలు మనిషి. ఆ పందెం ఒక్కటి ఉంటే చాలు బావా, మిగతావి పోతే పోనీ అనేవాడు.

కన్సోల్‌కు అప్‌డేట్ వస్తే నేను చూసేదాకా ఆగమని నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. కంపెనీవాళ్ళు బయటి పరికరాల మీద కత్తిగట్టారన్న వార్త అప్పటికే చూశాను. ఆగుతానన్నాడు. అయితే బృందంలో ఎవడో ఒక తుంటరి, 'జడ్జిగారు పాత వెర్షన్ మీద కూర్చుని కొత్తదానికి తీర్పు చెబుతున్నారు' అని రాశాడు. అది మా వాడికి ఎక్కడో తగిలింది. నేను ఆఫీసులో, మా ఆవిడ వంటగదిలో ఉండగా, తెర మీద 'అప్‌డేట్ చేయాలా?' అన్న ప్రశ్నకు ఆ బొటనవేలితోనే అవునని నొక్కాడు.

నేనొచ్చేసరికి తెర మీద ఒకటే మాట: 'అనుమతి లేని పరికరం.' గడ్డం తిప్పితే ఉలుకూ లేదు, వేలు నొక్కితే పలుకూ లేదు. వెనక్కి పాత వెర్షన్‌కు వెళ్ళే దారి కంపెనీవాడు మూసేశాడు.

"నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"చెప్పావు. తిట్టడం అయ్యాక బాగుచెయ్యి బావా. రేపు సాయంత్రానికి అవుతుందా?" అన్నాడు.

ఆ 'రేపు సాయంత్రానికి' అన్న మాట వినగానే నా కోపం దిగిపోయింది, భయం పట్టుకుంది. బాగుచేయడానికి నా దగ్గర ఎంత కాలముందో నా చేతిలో లేదు. అది అతని వేలి చేతిలో ఉంది.

కంపెనీకి రాశాను. జబ్బు సంగతి, వేలి సంగతి, డాక్టరు చెప్పిన సంగతి అన్నీ విప్పి రాశాను. ఆటలో అందరికీ న్యాయం జరగాలనీ, మా భద్రత తమకు ముఖ్యమనీ జవాబొచ్చింది. తమ దగ్గర కూడా వికలాంగుల కోసం చేసిన పెద్ద బొత్తాల కంట్రోలర్ ఉందన్నారు. అదీ తెప్పించాను. ఆ బొత్తాం నొక్కడానికి కావాల్సిన బలం అతని వేలికి లేదు. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే జవాబు, కింద సంతకం మాత్రం వేరే.

"ఇప్పుడు పట్టుకోరా వాళ్ళ గల్లా," అన్నాను. అనకుండా ఉండాల్సింది. అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అతను తిరిగి ఏమీ అనకపోవడం మా ఇంట్లో అదే మొదలు.

అప్‌డేట్ కాని పాత కన్సోల్ ఎక్కడైనా దొరికితే పని జరుగుతుంది. సెకండ్ హ్యాండ్ దుకాణాల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. చివరికి ఒక సందు చివర టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గర ఒకటి దొరికింది. ఎవరో అమ్మేసి వెళ్ళాక అటక మీద పడి ఉందట. తెర వెలిగించి చూశాను, మాకు కావాల్సిన పాత వెర్షనే. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. దుమ్ము తుడిచి ఉంచుతాను, రేపు పట్టుకెళ్ళమన్నాడాయన.

మర్నాడు వెళ్తే పెట్టె తళతళలాడుతోంది. ఆయన ముఖం అంతకన్నా వెలిగిపోతోంది.

"మీరు పేషెంటు కోసమన్నారుగా బాబూ. పాతది అంటగట్టడం బాగుండదని రాత్రికి రాత్రి ఇంటర్నెట్ పెట్టించి అప్‌డేట్ చేయించాను. ఇప్పుడది సరికొత్త దానితో సమానం."

నేను అక్కడి స్టూలు మీద కూలబడ్డాను. ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఏం తప్పు జరిగిందని అడిగాడు. ఏమీ లేదండీ, ఎండ అన్నాను. అలాంటి మనిషిని ఏమని తిడతాం? ఆ పెట్టె కూడా కొనుక్కునే వచ్చాను. ఆ పట్టుదల ఎందుకో నాకే తెలియదు.

ఈలోగా అదే బోర్డును నా కంప్యూటర్‌కు తగిలించి వేరే కార్ల పందెం పెట్టి ఇచ్చాను. అన్నీ చక్కగా పనిచేశాయి. ఎవడి అనుమతీ అక్కర్లేదు. ఏళ్ళ తరబడి అన్నం పళ్ళాల ముందు నేను వాదించిందంతా తెర మీద నిజమై కూర్చుంది. రెండు మూడు రోజులు ఆడాడు.

"బాగుంది బావా. నీ కంప్యూటరే గెలిచింది," అన్నాడు. తెర మీంచి చూపు తిప్పి, "కానీ ఇందులో నన్నెవరూ ఎరగరు," అన్నాడు.

ఇక మిగిలింది పిచ్చుక ఒక్కటే. ఉత్తరం రాశాను. చాన్నాళ్ళకు జవాబొచ్చింది. తను ఆ పని వదిలేసి ఏళ్ళయిందనీ, ఊరికే రాసి ఇచ్చినందుకు కృతజ్ఞతలకన్నా తిట్లే ఎక్కువ తిన్నాననీ, పైగా తన దగ్గర ఇప్పుడు కన్సోలే లేదనీ రాసింది. కింద మళ్ళీ ఒక ముక్క: 'మీ బావమరిది సంగతి చదివాక నిద్ర పట్టలేదు. నేను చెప్పినట్టు పరీక్షలు చేసి ఫలితాలు పంపండి. ప్రయత్నిస్తాను.' అప్పటినుంచి నా సెలవు రోజులన్నీ దానికే. బోర్డూ కన్సోలూ ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటున్నాయో పట్టి పంపడం, పిచ్చుక మార్చి పంపడం, నేను ఎక్కించడం, 'అనుమతి లేని పరికరం' అని తెర మాకు తలుపు చూపించడం.

ఆ రోజుల్లోనే మా వాడు కాలింగ్ బెల్లు నొక్కడం మానేశాడు. ఏం కావాలన్నా వేలి కింద ఉన్న బెల్లు నొక్కి అక్కను పిలవడం అలవాటు. ఇప్పుడు నోటితో పిలుస్తున్నాడు. ఆ బెల్లు మోత దరిద్రంగా ఉంది, చేసినవాడికి సంగీతం తెలియదని తీర్పిచ్చాడు. మేం నవ్వుకున్నాం. తర్వాతెప్పుడో ఒక ఉదయం మా ఆవిడ వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"ఏమండీ, బెల్లు సంగతి కాదండీ. చెయ్యి తుడుస్తూ చూశాను. వేలు కదులుతోంది గానీ నొక్కడం లేదు."

ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరిలో ఎవరమూ స్టవ్ కట్టలేదు.

ఊదితే పడేంత మెత్తటి బొత్తాం తెప్పించి మార్చాను. ఎందుకు మార్చావని అతను అడగలేదు. పిచ్చుకకు తొందర చేస్తూ రాయాలంటే చెయ్యి రాలేదు. ఊరికే చేస్తున్న మనిషిని ఏ మొహం పెట్టుకుని తొందరపెడతాం? అయినా రాశాను. జవాబుతో పాటే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.

ఎక్కించాను. తెర మీద ఆ పాడు మాట రాలేదు. 'కంట్రోలర్ సిద్ధంగా ఉంది' అని పచ్చటి అక్షరాలు వచ్చాయి. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి తమ్ముడి తల కింద దిండు సర్దింది. గడ్డం కింద పుల్ల పెట్టాను, బొటనవేలు ఎత్తి బొత్తాం మీద ఉంచాను. గడ్డం తిప్పి తనే ఆ గేమ్‌లోకి వెళ్ళాడు. సాయంత్రం పందెం మొదలవబోతోంది. పేర్ల వరసలో అతని పేరు వెలిగిందో లేదో, బృందమంతా గోల. 'జడ్జిగారు వేంచేశారు!' 'కోర్టుకు సెలవులు అయిపోయాయా?' 'ఇన్నాళ్ళూ మామీద తీర్పులు లేక చెడిపోయాం గురువుగారూ!'

అతని ముఖం చూశాను. నా పెళ్ళిలో చూసిన ముఖం అది.

ఎర్రదీపం పచ్చదీపమైంది. కార్లన్నీ దూసుకుపోయాయి. ఒక్క కారు గీత మీదే నిలబడింది. అతను వేలివంక చూస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది, మెడ నరాలు ఉబ్బాయి, ఒంట్లో మిగిలిన బలమంతా అటే పంపుతున్నాడు. బొత్తాం మీద వేలు అలాగే ఉంది. ఇక చూడలేక నా వేలు దాని మీద పెట్టబోయాను.

"వద్దు బావా," అన్నాడు. "నీకు మలుపులు రావు. నా పరువు పోతుంది."

తెర మీద వెక్కిరింతలు మొదలయ్యాయి. 'జడ్జిగారూ, నిద్రపోయారా?' 'బ్రేకు మీద కాలు తియ్యండి సార్!' 'వయసైపోయింది, పక్కకు తప్పుకోండి!' ఎవరికీ ఏమీ తెలియదు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను చాలాసేపు ఆ మాటలన్నీ చదువుతూ ఉండిపోయాడు.

"అక్కా, రాయి," అన్నాడు చివరికి. "కన్సోల్ పాడైంది. ఫ్యాక్టరీలోనే లోపం. బొత్తాం నొక్కినా తీసుకోవడం లేదు. పరమ చెత్త మిషన్, ఎవరూ కొనొద్దు."

ఆ మిషన్‌లో ఏ లోపమూ లేదు. దాని తెర మీద పచ్చటి అక్షరాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆ బెల్లు సంగతి వదిలేస్తే, ఒక వస్తువు మీద అతను అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని టైపు చేసింది.

జడ్జిగారు చెప్పారు గనక అందరూ నమ్మారు.