మంచాన పడని పెద్దమ్మ

నూజివీడు పెద్దమ్మ పోయిందని తమ్ముడు మా పక్కింటివాళ్ళ ఫోన్‌కి చేసి చెప్పాడు. ఏడవాల్సింది పోయి, ముందు "జారి పడిందా?" అని అడిగాను.

"లేదక్కా. పొద్దున కాఫీ తాగి, పడక్కుర్చీలో కూర్చుని అలాగే పోయింది."

మా అమ్మమ్మ తుంటి విరిగి మంచాన పడితే, ఆఖరిదాకా అన్నీ చూసింది పెద్దమ్మే. తనకు ముట్టు ఆగిపోయాక నడుం వంగడం మొదలైంది, వెనకే షుగరూ వచ్చింది. "చావంటే భయం లేదే. మంచమంటేనే" అనేది. ఆ భయమే ఆమె వంటింటిని నడిపింది. ఎముకల బలానికని పెరటి గోడ మీద నల్లేరు తీగ, డబ్బాలో నువ్వులపొడి, షుగరుకని గ్లాసులో నానిన మెంతులు. మామిడిపళ్ళ రోజుల్లో మాత్రం నోరు కట్టుకోలేకపోయేది. రసం పండు జుర్రుకుని, వెంటనే మెంతులు నోట్లో వేసుకునేది.

"తీపి వెనకాలే చేదుని పంపిస్తున్నా, అది చూసుకుంటుందిలే" అని డాక్టరమ్మతో అంది.

ఆవిడ నవ్వి, "మెంతులు మంచివేనండీ, మాత్ర మాత్రం మానకండి. రోజూ నడవండి" అంది. పెద్దమ్మ మాత్ర మింగింది, నడిచింది. పండు మానలేదు.

నాకూ ముట్టు ఆగాక అదే భయం పట్టుకుంది. తడి గచ్చు కనిపిస్తే గోడ పట్టుకుని నడిచేదాన్ని. మొగుడితో చెప్పుకునే మాటా అది? పెద్దమ్మతో చెప్పాను. నవ్వలేదు. లేత నల్లేరు కణుపులు తెంపి ఇచ్చింది. నేను మైలవరంలో మా ఇంటికి వచ్చీరాగానే, చేతులకు నూనె రాసుకోకుండా ఈనెలు తీసి, సరిగా వేగకముందే పచ్చడికని రోట్లో వేశాను. నా చేతుల దురద సరే, తిన్న ఇంటిల్లిపాదికీ గొంతు దురద. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు.

సంగతి తెలిసి పెద్దమ్మ తనే బస్సెక్కి వచ్చింది. నా చేతులకు నూనె రాసి, పక్కనే నిలబడి వేయించింది.

"భయం తొందరపెడుతుందే. నల్లేరు తొందరకి లొంగదు."

ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించింది. "నేనూ భయపడుతూనే నడుస్తున్నా. నడు" అంది. ఆ ఒక్క మాటకే ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

పిల్లలు లేని పెద్దమ్మకు తమ్ముడే కర్మ చేశాడు. అస్థికలు ఏరి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఎముకలు ఎలా ఉన్నాయిరా?" అని అడిగాను. అడగాల్సిన ప్రశ్న కాదని తెలుసు.

"పట్టుకుంటే పొడైపోయాయక్కా" అన్నాడు. నా మొహం చూసి, "అందరివీ అంతేనంట, పంతులుగారు చెప్పారు" అన్నాడు.

అంతే అయి ఉంటుంది. నా ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నాను. చర్మం కింద ఎముక గట్టిగానే తగిలింది. అయినా వదల్లేదు.