తొమ్మిదో బంతి కదిలింది

మొన్న ఎచ్చెర్లలో కాలేజీ పిల్లల కోసం కొత్తగా తెరిచిన ఆటల దుకాణం ముందు నుంచి నడుస్తుంటే, తలుపు సందులోంచి కర్ర మొనకి రాసే నీలం సుద్దపొడి వాసన వచ్చి నా కాళ్ళు ఆగిపోయాయి. పక్కనున్న మా ఆయన వెంటనే మొదలుపెట్టాడు. పెళ్ళి పందిళ్ళలోనూ, చివరికి ఆసుపత్రి వరండాలోనూ చెప్పే కథే: చిన్నప్పుడు నేను బిలియర్డ్స్ బల్లమీద రొటేషన్ ఆటలో ఆయన చేతిలో ఓడిపోయి, కర్ర విసిరికొట్టి, ఏడ్చుకుంటూ పోయానట. కర్ర విసిరిన మాట నిజం. మిగతాదంతా అబద్ధం.

మా ఆయనంటే మా మావ కొడుకే, నాకు వరసకి బావ. మావ విశాఖపట్నంలో ఏదో క్లబ్బులో బంతులు పేర్చి, తగవులు తీర్చే పని చేసేవాడు. వాళ్ళు పాత బల్ల తీసేస్తుంటే లారీకెక్కించి, శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డునున్న మా ఊరికి తెచ్చి, వలలు దాచే పాకలో దించాడు. ఎండు రొయ్యల వాసన, తడి తాళ్ళ వాసన, వాటి మధ్య ఆ సుద్ద వాసన. ఉప్పుగాలికి బల్లమీది ఆకుపచ్చ గుడ్డ చెమ్మగిల్లిపోతే, మావ పొద్దున్నే ఇసుక వేయించి మూటకట్టి, నడుంనొప్పికి కాపడం పెట్టినట్టు దాన్ని రుద్దేవాడు. ఒకసారి గుడ్డ చిరిగింది. దర్జీని పిలవాలని ఎవరికీ తోచలేదు; మా తాత వల కుట్టే సూది, నైలాన్ దారం తెచ్చి, వలకి వేసినట్టే ముడులేసి కుట్టేశాడు. వల అయితే ఏ చేపా తప్పించుకోలేనంత గట్టిగా కుట్టాడు. ఆ ముడుల మధ్యకి దొర్లిన బంతి మాత్రం అక్కడే కూర్చుండిపోయేది.

ఎండాకాలం వేట ఆపేసిన రోజుల్లో మా ఊరి మగాళ్ళకి ఇంట్లో కాలు నిలిచేది కాదు, ఒడ్డున మనసు నిలిచేది కాదు. జీడిమామిడి పళ్ళు చీకుతూ, చోడి అంబలి తాగుతూ, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ పొద్దంతా ఆ పాకలోనే. అంబలి చెంబుతో వెళ్ళిన ఆడపిల్ల గుమ్మంలోనే చెంబిచ్చి వెనక్కి రావాలి. నేను వచ్చేదాన్ని కాదు. ఎవరూ లేని పొద్దుటిపూట, గుడ్డ కాపడం అయ్యాక, మావే నా చేతికి కర్రిచ్చి నేర్పాడు. అంకెలున్న బంతులు పదిహేను, కొట్టడానికి తెల్లది ఒకటి. బల్లమీద మిగిలినవాటిలో అన్నిటికంటే చిన్న అంకె బంతిని తెల్లబంతి ముందు తాకాలి. తాకాక ఏది పాకెట్లో పడినా దాని అంకె నీ ఖాతాలో. తాకకుండా పడితే అది మళ్ళీ బల్లమీదికి వస్తుంది, వంతు అవతలివాడికి పోతుంది. మొత్తంలో సగం దాటినవాడిది గెలుపు.

నేను పెద్దమనిషినయ్యే ఈడు వచ్చిందని అమ్మ పాకవైపు వెళ్ళొద్దని గొడవపెట్టింది. నేను వినలేదు. చివరికి మావే తీర్పు చెప్పాడు: గంగమ్మ పండగనాడు బావతో ఆడాలి, గెలిస్తే ఎప్పుడైనా వచ్చి ఆడుకోవచ్చు, ఓడితే ఆ గుమ్మం తొక్కకూడదు. బెల్లం పరమాన్నం తిన్న చేతులు లుంగీలకి తుడుచుకుంటూ ఊరి మగాళ్ళంతా గుమ్మంలో మూగారు.

ఆట మధ్యకొచ్చేసరికి బావకి చెమటలు పట్టాయి.

"ఒరే, రేపు దీన్నే కట్టుకుంటావేటి? బువ్వ కూడా దీన్నడిగే తినాల నువ్వు!" అన్నాడొకడు.

"ముందు సూసి కొట్టమను, బువ్వ సంగతి తరవాత," అన్నాన్నేను. పాకంతా నవ్వు.

చివరికి తొమ్మిది, పదిహేను మిగిలాయి. తొమ్మిది తాత కుట్టిన ముడుల్లో కూర్చుంది. పదిహేను మూల పాకెట్ ముందు ఉంది, అది పడితే గెలుపు నాది. తెల్లబంతి తొమ్మిది అంచుని రాసుకుంటూ పోయి పదిహేనుని పడేసింది.

"తగల్లేదు," అన్నాడు మావ.

"తగిలింది మావా! తొమ్మిది అంకె పక్కకి ఒరిగింది సూడు. ముడిలో ఉండి దొర్లలేదంతే!"

"తగల్లేదని సెప్పేను గదేటే!"

పదిహేను బల్లమీదికి వచ్చింది. వంతు బావది, రెండూ వేసేశాడు. నేను కర్ర విసిరేసి, ఒడ్డున పడవ నీడలో కూర్చుని, చెక్కకంటిన తారు గోళ్ళతో గీకాను. ఏడవలేదు. ఆ పాకలోకి మళ్ళీ అడుగుపెట్టలేదు.

ఇప్పుడు ఆ పాక లేదు, దాని కింది నేల కూడా సముద్రంలో కలిసిపోయింది. బల్లమీది గుడ్డ కింద ఉండే పలకరాయి ముక్క ఒకటి మావ కొత్త ఇంటి పెరట్లో ఉంది, దానిమీద మా అత్త చేపలు కోస్తుంది. బంతుల్ని పిల్లలు ఒక్కొక్కటే అలల్లోకి విసిరేశారట. ఎచ్చెర్ల నుంచి వస్తూ అక్కడ ఆగి మావని మళ్ళీ అడిగాను.

"ఎప్పటి ఊసే అది? మీ అత్త పులుసెట్టింది, తినెల్లు," అన్నాడు. మా ఆయన పగలబడి నవ్వాడు.

పులుసు తిన్నాను. కానీ ఎన్నేళ్ళు మూసిపెట్టినా ఒక సంగతి నాకు మూతపడదు. తగల్లేదని చెప్పేటప్పుడు మావ బల్లవైపు చూడలేదు, నావైపూ చూడలేదు. గుమ్మంలో నవ్వుతున్న ఆ మగాళ్ళవైపు చూశాడు. మావా, నాకు కర్ర పట్టించినవాడివి నువ్వే. తొమ్మిది కదలడం నువ్వు చూశావా, లేదా?