వట్టి మనిషి

మా ఇంట్లో ‘వట్టి’ అనే మాటకు చాలా పనులుండేవి. కూర లేకపోతే వట్టి అన్నం. నమ్మకం లేకపోతే వట్టి మాట. చుట్టాలింటికి వట్టి చేతులతో వెళ్లకూడదు. అక్క నెల తప్పినప్పుడు అమ్మ ఇరుగుపొరుగుకు చెప్పింది కూడా ఆ మాటతోనే: "మా పెద్దది వట్టి మనిషి కాదు."

అక్కను మద్రాసు సౌకార్‌పేటలో ఇచ్చాము. తొంభయ్యో దశకపు తొలి ఏళ్లలో, వేసవి వస్తే వాళ్ల సందుకు నీళ్లు లారీలోనే రావాలి. బిందెలతో వరుస కట్టాలి. కడుపుతో ఉన్నవాళ్లను మాత్రం ముందుగా పట్టుకోనిచ్చేవారు. అక్క కూడా అలాగే పట్టుకునేది.

నాలుగో నెలలో గర్భం పోయింది. నా బి.ఎ. చివరి పరీక్ష రాసిన మరునాడు చూడబోయాను. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి ఐదు రోజులే అయింది. అప్పటికే బిందె తీసుకుని బయలుదేరుతున్నది.

"అత్తా, ఇంకొక వారం పడుకోనివ్వండి," అన్నాను అక్క అత్తగారితో.

"పురుడా ఏమన్నానా, పాపా? ఇప్పుడు వట్టి మనిషే గదా. నాలుగడుగులు వేస్తే ఒళ్లు తేలికవతాది," అన్నది ఆమె బియ్యం ఏరుతూ. ఆ గొంతులో కోపం లేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. అయినా రెండో బిందె అందుకుని అక్క వెంట నడిచాను.

లారీ దగ్గర పూలమ్మే అవ్వ అక్కను చూడగానే ముందున్నవాళ్లను అదిలించింది. "తప్పుకోండే! ఆ పిల్ల వట్టి మనిషి కాదు, ఆడ ఎండలో నిలబెడతారా? రా తల్లీ, ఈడికి రా."

"పుట్టేది అవ్వ మునిమనవడే అన్నట్టుంది చూడండి!" అని ఎవరో నవ్వారు.

నేను అక్క మోచేతిని మెల్లగా ముందుకు నెట్టాను. నోరు మెదపకపోతే చాలు, అంతసేపు నిలబడే బాధ తప్పుతుంది.

అక్క కదలలేదు. "లేదవ్వా. ఇప్పుడు వట్టి మనిషినే," అన్నది. వెళ్లి తన బిందెను వరుస చివర పెట్టింది.

అవ్వ చేతిలోని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. వరుసలో నవ్వు ఆగింది. కానీ ఎవరూ పక్కకు జరగలేదు. ఆ మర్యాద కడుపుతో ఉన్నవాళ్లకే. కడుపు పోయినవాళ్లకు లేదు.

మా వంతు రావడానికి గంట పట్టింది. రెండు బిందెలూ నేనే మోస్తానన్నాను. అక్క వినలేదు. "అత్త చూస్తాది," అని ఒకటి చంకన పెట్టుకున్నది. దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగింది.

వాకిట్లో అత్తగారు బిందె దించుకుని నావైపు తిరిగింది. "చూసినావా, ఏమీ కాలేదు గదా?"

అక్క తల ఊపింది. నేనూ ఊపాను.