పదిహేడు మందిని మోసిన వాల్‌బుర్గా

మా ఊరి చర్చిలో నలభై ఒక్క ఏళ్లు గంట కొట్టాను. మూడువందల పన్నెండు జ్ఞానస్నానాలకు నీళ్లు నా చేత్తోనే తోడి పెట్టాను. చలికాలంలో ఆ నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలో మోచెయ్యి ముంచి చూసేవాణ్ణి. చన్నీళ్లు తగిలి ఉలిక్కిపడ్డ బిడ్డ నా కాలంలో ఒక్కటీ లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వాల్‌బుర్గా హెకర్ గురించి ఊళ్లో ఇప్పుడు తలొక మాటా అంటున్నారు. ఆ రోజు జ్ఞానస్నానపు తొట్టి పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. అక్కడున్న పెద్దవాళ్లలో ఇంకా బతికి మిగిలినవాణ్ణి కూడా నేనే.

ముందు ఆ పేరు సంగతి. వాల్‌బుర్గా అంటే పాత జర్మను మాటల్లో ఏలేది, కోటలా కాచేది అని మా బడి పంతులు చెప్పేవాడు. ఎప్పుడో పన్నెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు నుంచి మా వైపు వచ్చిన సన్యాసిని పేరది. కొండవతల ఐష్టెట్‌లో ఆవిడ సమాధి ఉంది. చలికాలమంతా ఆ రాతి నుంచి బొట్టుబొట్టుగా కారే నీటిని చిన్న సీసాల్లో పట్టి ఇస్తారు. పంటినొప్పి నుంచి పురిటినొప్పి దాకా మా అమ్మకు అదే మందు. మా నాయనమ్మ కాలంలో బడిలో వాల్‌బుర్గా అని పిలిస్తే ఐదుగురు లేచి నిలబడేవారట. ఎవరు ఎవరో తెలియడానికి మిల్లు బుర్గి, కమ్మరి బుర్గి, మెల్లకన్ను బుర్గి అని పిలుచుకునేవారు.

ఆ పేరు అంతమందికి ఎలా వచ్చిందంటే, మా ఊరి పద్ధతి అది. తొట్టి దగ్గర ఆడపిల్లను ఎత్తుకునే జ్ఞానతల్లి పేరే ఆ పిల్లకు పెట్టాలి. మగపిల్లాడికి జ్ఞానతండ్రి పేరు. ఫాదర్ అడిగినప్పుడు జ్ఞానతల్లి నోటితో ఆ పేరు చెప్పాలి. పేరు ఇవ్వనిది జ్ఞానతల్లి కాదు.

యుద్ధం అయ్యాక గాలి మారింది. బొమ్మల పత్రికలు వచ్చాయి, రేడియో వచ్చింది. పిల్లలకు మోనిక, పెట్రా లాంటి పేర్లు కావాలన్నారు. పైగా మే నెల ముందు రాత్రి మంత్రగత్తెలు చీపుర్లెక్కి తిరుగుతారంటారే, ఆ రాత్రికి ఉన్నది ఆ సన్యాసిని పేరే. ఇక పిల్లల నోళ్లు ఊరుకుంటాయా?

మా బుర్గి, అదే వాల్‌బుర్గా హెకర్, 1917లో పుట్టింది. తండ్రితో పాటు సున్నపురాతి గనిలో పలకలు చీల్చింది. ఊళ్లో మూడు ఇళ్ల కప్పుల మీద ఆవిడ చీల్చిన పలకలే ఈనాటికీ ఉన్నాయి, చుక్క నీరు దిగదు. నలభై అయిదులో వంతెన కూలినప్పుడు వరద మీద డాక్టరును పడవలో పదకొండు సార్లు దాటించింది. పెళ్లి చేసుకోవలసినవాడు రష్యా నుంచి తిరిగి రాలేదు. పిల్లలంటే ప్రాణం. కానీ ఆవిణ్ణి జ్ఞానతల్లిగా ఎవరూ పిలవలేదు. పిలిస్తే పిల్లకు వాల్‌బుర్గా అని పెట్టాలి మరి.

అలాగని వదిలిపెట్టారా, లేదు. అసలు జ్ఞానతల్లికి జ్వరమొచ్చినా, మంచులో బండి ఆగిపోయినా, "బుర్గిని పిలవండి" అనేవారు. బదులు మోసే మనిషికి పేరు ఇచ్చే హక్కు లేదు. అలా పదిహేడు మంది ఆడపిల్లల్ని మోసింది. ఆవిడ చేతుల్లో ఒక్కరూ ఏడవలేదు. పదిహేడో బిడ్డను తల్లికిచ్చి వచ్చాక నాతో అంది: "ఒక్కసారి నా బిడ్డ అని మొయ్యాలని ఉందయ్యా. అంతకంటే ఏమీ వద్దు."

1958 సెప్టెంబరులో బిట్టల్ వాళ్లింట్లో ఆడపిల్ల పుట్టింది. తండ్రి క్సావెర్, బుర్గికి మేనమామ కొడుకు. ఆ ఇంట్లో మాట క్సావెర్ తల్లి ఒటీలియాది. అంతకు ముందు చలికాలంలో ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే బుర్గే ఐదు వారాలు పక్కన కూర్చుని బతికించింది. "జ్ఞానతల్లి బుర్గి. పేరు వాల్‌బుర్గా. ఎవరైనా ఏమైనా అంటారా?" అంది ఒటీలియా.

మూడో రోజు మధ్యాహ్నం బుర్గి నల్ల పట్టు రుమాలు తలకు చుట్టుకుని బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చింది. బాలింత చర్చికి రాకూడదు. క్సావెర్ భార్య రోస్వితా మంచం మీద ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. అక్కడ జరిగింది తర్వాత రోస్వితానే మా ఆవిడతో చెప్పింది.

"ఏడ్చావా?" అంది బుర్గి.

"లేదు అక్కా. ఉల్లిపాయలు."

"మంచంలో పడుకుని ఉల్లిపాయలు తరిగావా?"

రోస్వితా నవ్వబోయి మళ్లీ ఏడ్చింది.

"నువ్వేం పేరు అనుకున్నావు?"

"ఇప్పుడెందుకులే."

"అడిగాను కదా."

"సబీన." తర్వాత గబగబా అంది: "నీ మీద కోపం కాదు అక్కా. బడిలో దీన్ని చీపురెక్కమంటారు, అదే."

"నన్నూ అన్నారు," అంది బుర్గి. "ఎనిమిదేళ్లు అన్నారు." బిడ్డను ఎత్తుకుని బయటికి నడిచింది.

చర్చిలో ఒటీలియా ముందు వరసలో జపమాలతో కూర్చుంది. క్సావెర్ మెడపట్టీ బిగుసుకుని దిక్కులు చూస్తున్నాడు. నేను కొవ్వొత్తి వెలిగించాను. బుర్గి ముఖంలో రక్తం లేదు.

"ఈ బిడ్డ పేరేమిటి?" అన్నాడు ఫాదర్.

బుర్గి బిడ్డ ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందంటే మైనం కారి నా వేలు కాలింది.

"సబీన," అంది.

"ఏమన్నావే?" ఒటీలియా లేచి నిలబడింది.

"సబీన అన్నానత్తా. తల్లి కోరుకున్న పేరు."

"నీకు మతి పోయిందా? నీ పేరు చెప్పవే!"

"నా పేరు నేను మోశాను. దీనికెందుకు?"

తొట్టి దగ్గర చెప్పిన పేరు చెప్పినట్టే. ఫాదర్ నీళ్లు పోశాడు. బిడ్డ ఏడవలేదు. తర్వాత ఫాదర్ జ్ఞానస్నానాల పుస్తకం తెరిచి కలం పట్టుకుని ఆగిపోయాడు. ఆయనకూ ఊరి పద్ధతి తెలుసు.

"జ్ఞానతల్లి అన్నచోట ఏం రాయమంటారు?"

"బదులు వచ్చిన మనిషి అని రాయండి ఫాదర్," అంది బుర్గి మెల్లగా. "నాకలవాటే." బిడ్డను ఇచ్చెయ్యడానికి క్సావెర్ వైపు చేతులు చాచింది. వాడు తీసుకోలేదు.

"వదినా, నాకు ఎత్తుకోవడం రాదు," అన్నాడు. అది అబద్ధం. దూడల్ని ఎత్తేవాడు.

ఒటీలియా తొట్టి దాకా వచ్చింది. కొట్టేస్తుందేమో అనుకున్నాను.

"ఎవరికి బదులు?" అంది ఫాదర్‌తో. "ఇక్కడ ఇంకెవరున్నారు? దీనికి బుద్ధి లేదు, నిజమే. బుద్ధి లేదని జ్ఞానతల్లి కాకుండా పోతుందా? వాల్‌బుర్గా హెకర్ అని రాయండి. పెద్దక్షరాలతో రాయండి!"

రాశాడు. ఆ పుట నేను చాలాసార్లు తీసి చూశాను.

ఆ తర్వాత మా ఊళ్లో పేరు పద్ధతి నిలవలేదు. ఒక ఇంట్లో తప్పాక ఇంకో ఇంట్లో ఎవరాగుతారు? ఆరేడేళ్లలో బుర్గికి మరో ఎనిమిది మంది జ్ఞానపుత్రికలు వచ్చారు. మోనిక, గాబి, ఇద్దరు పెట్రాలు, ఇంకా ఎవరెవరో. వాల్‌బుర్గా అని ఒక్కరూ లేరు. ఆ పేరును మా ఊళ్లో ఆపేసింది ఆవిడే అని ఇప్పటివాళ్లు అంటే నేను కాదనను. ఎందుకు ఆపిందో కూడా చెప్పమంటాను.

సబీన పుట్టిన ఏడాదే, నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగకు బుర్గి జడలా అల్లిన జడరొట్టె చేసింది. జ్ఞానతల్లి ఏటా తన బిడ్డకు ఇవ్వవలసిన రొట్టె అది. నలభై ఒక్క ఏళ్ల మనిషికి అదే మొదటిది. పైన పంచదార పలుకులు చల్లి, బారెడు పొడుగు రొట్టెను రెండు చేతుల మీదా పడుకోబెట్టుకుని బయల్దేరింది. బిట్టల్ వాళ్లిల్లు ఆవిడ ఇంటికి నాలుగో ఇల్లు. ఆవిడ మాత్రం ఎదురు దిక్కుగా, మిల్లు వీధిలోంచి మా గుమ్మం ముందుకు వచ్చింది.

"ఏమే బుర్గీ, దారి తప్పావా? వాళ్లిల్లు అటు కదా!" అని మా ఆవిడ కేకేసింది.

"తెలుసులేవే," అంది బుర్గి ఆగకుండా. "ఇంకా వంతెన వీధివాళ్లు చూడనేలేదు."